నలభై ఒక్క గొంతులు

ఆదివారం పొద్దున ట్యూటరమ్మ టీ కప్పు పక్కన పెట్టుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, హార్డ్ డిస్కు వైరు గుచ్చింది. ఎప్పుడూ వచ్చే టింగుమనే చప్పుడు రాలేదు. వైరు తీసి మళ్ళీ గుచ్చింది. అప్పుడూ రాలేదు. డిస్కు బొమ్మ కనిపించాల్సిన చోట తెర ఖాళీగా ఉంది.

ఆవిడ నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. పిల్లలు ట్యూటరమ్మ అని పిలిచే పిలుపు స్కూలు గేటు దాటి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి కూడా వచ్చేసింది. నిదానమైన మనిషి. ఇల్లు అంటుకుందని చెప్పినా ముందు కళ్ళజోడు తుడుచుకుని ఆ తర్వాత లేస్తుందని భర్త వేళాకోళం చేసేవాడు. అలాంటి మనిషికి ఆ పొద్దున వేళ్ళు చల్లబడిపోయాయి.

ఆ డిస్కులో నలభై ఒక్క మంది గొంతులున్నాయి. అందరూ ఊరి పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సులు. రెండేళ్ళపాటు ప్రతి శనివారం ఆమె ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, బల్ల మీద చిన్న రికార్డరు పెట్టి, వాళ్ళు చెప్పిందల్లా ఎక్కించుకుంది. కరెంటు పోయిన రోజు కిటికీ బయట కారు లైట్లు వేయించి ఆ వెలుగులో కాన్పు చేసినావిడ అందులో ఉంది. ఒకే వార్డులో ముప్ఫై ఏళ్ళు తిరిగి, తాను నడిచిన దూరం ఎన్ని మైళ్ళో కాగితం మీద లెక్క కట్టుకున్నావిడ ఉంది. బోసినోటితో గంటసేపు నవ్వుతూనే మాట్లాడిన తొంభై ఏళ్ళావిడ ఉంది. ఇవన్నీ పుస్తకంగా వేస్తామని ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకున్నారు. అప్పటికి ఆమె ఇరవై రెండు టైపు చేసి కాగితాల మీదకి దించింది. మిగతా పంతొమ్మిదీ డిస్కులోనే ఉన్నాయి; రికార్డరులోంచి ఎప్పటికప్పుడు చెరిపేసేది. ఆ పంతొమ్మిదిలో ఒకటి ఆమె అత్తగారిది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి. డిస్కు కనబడట్లేదు."

భర్త గెడ్డం సగం గీసుకున్నవాడు సబ్బు నురగతోనే వచ్చాడు. నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. వంగి చూశాడు.

"వైరు పాడై ఉంటుంది. నా బ్యాగులో ఇంకోటుంది, తెస్తానుండు."

ఇంకో వైరు పెట్టాడు. ఇంకో రంధ్రంలో గుచ్చాడు. తన ల్యాప్‌టాప్ తెచ్చి దానికి కలిపి చూశాడు. డిస్కు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత గెడ్డం కడుక్కొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డిస్కుల జబ్బు కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి దించి, నడిపించాడు. ల్యాప్‌టాప్‌లో ఉన్న సొంత డిస్కు ఒక్కటే పట్టీలో వచ్చింది. ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టాడు. అదీ అంతే.

"జబ్బేమిటో చెప్పాలంటే ముందు రోగి కనబడాలిగా," అన్నాడు. "దీనికి అసలు మంచమే ఖాళీగా కనిపిస్తోంది."

ఆమె నవ్వలేకపోయింది. "మీ ఆఫీసులో ఒక కాపీ ఉంచానన్నారు కదా?"

అతను తెర మీంచి చూపు తిప్పలేదు. "అదే చెప్పడం మర్చిపోయాను నీకు. రెండు నెలల క్రితం కొత్త సిస్టమ్‌లు వచ్చాయి. పాతవన్నీ తుడిచేశారు. మళ్ళీ పెడదాం, పెడదాం అనుకుంటూనే ఉన్నాను." గెడ్డం తడుముకుని, "తప్పు నాదే," అన్నాడు.

అతను అంత చిన్నబుచ్చుకోవడం చూసి ఆమే ఊరడించింది. "పోనీలెండి. మీరేం కావాలని చేశారా," అంది.

తానన్న ఆ మాట ఆమెకు తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేం.

వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న అత్తగారు లోపలికి తొంగిచూసి, "ఏమైందమ్మాయ్?" అని అడిగింది. ట్యూటరమ్మ చెప్పింది. ఆవిడ కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడి, "పోనీ ఇంకో వైరు పెట్టి చూడకపోయారా," అని వెళ్ళిపోయింది.

అత్తగారి సంగతి కొంత చెప్పుకోవాలి. పెద్దాసుపత్రిలో పిల్లల వార్డుకి ఇరవై ఆరేళ్ళు ఇన్‌ఛార్జి ఆవిడ. పెద్ద సిస్టర్ అంటే డాక్టర్లు కూడా కాస్త సర్దుకుని నిలబడేవాళ్ళు. కోడలు కూడా తన వృత్తిలోనే ఉన్నందుకు ఆవిడకి గర్వం. ఇద్దరూ వంటింట్లో కూరలు తరుగుతూ సూదులూ సెలైన్లూ మాట్లాడుకుంటుంటే, "మన ఇంట్లో భోజనం కాదు, వార్డు రౌండు జరుగుతుంది," అనేవాడు కొడుకు.

రికార్డు చేస్తానని కోడలు అడిగినప్పుడు పెద్ద సిస్టర్ మూడు నెలలు వాయిదా వేసింది. చివరికి ఒక శనివారం మధ్యాహ్నం, కొడుకు ఇంట్లో లేనప్పుడు, తానే పిలిచింది. ఆ మిషను తెచ్చుకో అంది. గంటన్నర చెప్పింది. గంటసేపు మామూలు సంగతులే. ఆఖరి అరగంటలో, ముప్ఫై ఎనిమిదేళ్ళ క్రితం ఒక పసిబిడ్డ చనిపోయిన సంగతి చెప్పింది.

రెండు మందు సీసాలు ఒకే రకం మూతలతో ఉండేవట. ఆ రోజు సిరంజి నింపి ట్రేలో పెట్టింది తానే. తప్పు సీసాలోంచి నింపింది. ఇంజెక్షను ఇచ్చింది మాత్రం చేరి ఏడాది కూడా కాని ఇరవై రెండేళ్ళ పిల్ల. అందరూ చిన్న సిస్టర్ అనేవాళ్ళు. విచారణలో అడిగినప్పుడు పెద్ద సిస్టర్, తానా సమయంలో వార్డులో లేననీ, ఆ పిల్లే నింపుకుందనీ చెప్పింది. పెద్ద సిస్టర్ మాట మీద ఎవరు మాట్లాడతారు? చిన్న సిస్టర్ ఉద్యోగం పోయింది. చేతిలో బిడ్డ చచ్చిపోయిందన్న పేరు మిగిలింది.

చెప్పి, పెద్ద సిస్టర్ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రికార్డరు ఆపబోతే వద్దంది. "ఇది పుస్తకంలో వెయ్యి అమ్మాయ్. నా పేరుతోనే వెయ్యి. ఇన్నాళ్ళకి కడుపులో బరువు దిగింది," అంది. ఆ రోజు ట్యూటరమ్మ అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. పెళ్ళైన పదమూడేళ్ళలో ఆవిడ మీద ఎన్నడూ కలగనంత గౌరవం ఆ రోజు కలిగింది.

ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. పాత నర్సులను వాకబు చేసి చిన్న సిస్టర్ ఎక్కడుందో పట్టుకుంది. అరవై ఏళ్ళావిడ ఇప్పుడు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే ఒక షెడ్డులో కాజాలు తీసే పనిలో ఉంది. ట్యూటరమ్మ వెళ్ళి, మిషన్ల రొదలో ఆవిడ చెవి దగ్గరగా వంగి, సంగతి చెప్పింది. ఆవిడ కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది.

"ఆవిడ నోటితో చెప్పిందా?"

"చెప్పారు. రికార్డుంది. వచ్చే నెల మొదటి ఆదివారం తెచ్చి మీకు వినిపిస్తాను."

"నేను వినాలి," అంది చిన్న సిస్టర్. "పుస్తకం ఎవరు చదువుతారో నాకక్కర్లేదు. ఆ గొంతుతో నేను వినాలి."

ఆ సాయంత్రం ట్యూటరమ్మ ఇంటికొచ్చి, దాచుకోవలసిన సంగతేమీ లేదు కనుక, అన్నం తింటూ ఇదంతా చెప్పింది. భర్తకు తల్లి చెప్పిన కథ తెలిసింది అప్పుడే. అతను అన్నం మధ్యలోనే చేయి కడుక్కున్నాడు. పెద్ద సిస్టర్ మాత్రం, "బతికే ఉందా ఆ పిల్ల," అని ఒక్క మాట అంది.

ఇది జరిగిన మూడు వారాలకి, చిన్న సిస్టర్‌ దగ్గరికి వెళ్ళవలసిన ఆదివారానికి సరిగ్గా వారం ముందు, డిస్కు కనబడకుండా పోయింది.

భర్త మూడు రోజులు వదలకుండా ప్రయత్నించాడు. సోమవారం ఆఫీసు నుంచి వస్తూ కరెంటు ఎక్కువిచ్చే రెండు ప్లగ్గుల వైరు తెచ్చాడు. మంగళవారం ఇంకేదో సాఫ్ట్‌వేర్‌ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌ని దాంతోనే మొదలుపెట్టి, నల్లటి తెర మీద తెల్ల అక్షరాల్లో ఏవేవో ఆజ్ఞలు కొట్టాడు. ఆమె పక్కన కూర్చుని అతని వేళ్ళకేసి చూస్తూ ఉండేది. ప్రతిసారీ పట్టీలో ఒకే పేరు వచ్చేది. "నువ్వు కాసేపు పడుకో, నేను చూస్తానుగా," అనేవాడు. బుధవారం తానే ఒక షాపుకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి, డిస్కుని బల్ల మీద పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"లోపల తిరిగే పళ్ళేలు బిగుసుకుపోయాయట. ఇంక రాదన్నారు. వేరే చోటికి పంపినా లాభం లేదట. పైగా ఎవరికి పడితే వాళ్ళకి ఇస్తే ఆ మాటలన్నీ వినేస్తారు. మనసు రాయి చేసుకో."

ఆమె ఆ డిస్కుని చేతిలోకి తీసుకుంది. నల్లటి ప్లాస్టిక్ కేసు, మూల మీద తాను అంటించిన చిన్న ఎర్రటి చుక్క. మనసు రాయి చేసుకోవడం చేతకాలేదు.

ఆ ఆదివారం చిన్న సిస్టర్‌కి ఫోన్ చేసి, మిషను పాడైంది, ఇంకొన్నాళ్ళు పడుతుంది అని చెప్పింది. అవతల కాసేపు మిషన్ల చప్పుడే వినిపించింది. "అలాగేనమ్మా," అంది ఆవిడ. నమ్మని గొంతు అది.

స్కూల్లో కంప్యూటరు పాడైతే ఎప్పుడూ ఎవరి దగ్గరికి పంపుతారని గుమాస్తాని అడిగితే, గడియారాలావిడ పేరు చెప్పాడు. మార్కెట్టు వెనక సందులో ఇరుకైన కొట్టు. ఒకప్పుడు ఆవిడ తండ్రి అక్కడ గడియారాలు బాగుచేసేవాడు. గడియారాలు పోయి డిస్కులూ ఫోన్లూ వచ్చినా పేరు మాత్రం పోలేదు. కంటికి బిగించుకునే భూతద్దం కూడా తండ్రిదే. ట్యూటరమ్మ ఇంట్లో చెప్పకుండా, స్కూలు నుంచి మధ్యాహ్నం అటే వెళ్ళింది. చెప్పకపోవడానికి కారణం పెద్దదేమీ కాదు. ఇంకా ఆశ వదలలేదని భర్త జాలిపడతాడని సిగ్గు.

"సాఫ్ట్‌వేర్లకి కనబడట్లేదండి," అంది. "మూడు నాలుగు పెట్టి చూశాం."

"సాఫ్ట్‌వేర్ పలకరిస్తే డిస్కు బదులివ్వాలి. బదులివ్వలేని దాన్ని ఎన్నిసార్లు పలకరిస్తే ఏం లాభం?" గడియారాలావిడ కేసు మర తిప్పి తెరిచింది. డిస్కుని వెల్లకిలా పెట్టి, దాని వెనక ఉన్న పచ్చటి సర్క్యూట్ పలక విప్పి, భూతద్దంలోంచి చూసింది. "పళ్ళేలు బిగుసుకున్నాయని ఎవరన్నారు?"

"ఒక షాపులో."

"ఎవరో చూడకుండానే చెప్పి ఉంటారు. ఈ పలక మరలు ఇప్పటిదాకా ఎవరూ తియ్యలేదు. పోయింది పలకే. తుప్పు పట్టింది చూడండి, ఈ మూల. దీని మీద ఎప్పుడైనా టీయో కాఫీయో ఒలికిందా?"

"లేదండీ. అల్మారాలోనే ఉంటుంది."

"ఒలికింది," అంది ఆవిడ, పేచీ పెట్టకుండా. "చాలా కాలమైంది కూడా."

ట్యూటరమ్మకు అదేమిటో అర్థం కాలేదు. బాగవుతుందా అన్నదొక్కటే ఆమెకి కావాలి. ఇదే రకం పలక ఇంకోటి దొరికితే, పాత పలక మీద ఈ డిస్కు గుర్తులున్న చిన్న చిప్పు ఒకటి ఊడదీసి దాని మీద అతికించాలనీ, నాలుగు రోజులు పడుతుందనీ చెప్పింది గడియారాలావిడ. ఆ నాలుగు రోజులూ ట్యూటరమ్మ క్లాసులో చెప్పిన పాఠమే మళ్ళీ చెబితే పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఐదో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. "లేచిందండీ మీ రోగి. రండి."

పరుగులాంటి నడకతో వెళ్ళింది. గడియారాలావిడ తెర ఇటు తిప్పి, కుర్చీ జరిపి, పని బాగా కుదిరిన మనిషి సంతోషంతో నిలబడింది. "ఒక్క ఫైలు కూడా పోలేదు. చూసుకోండి."

తెర మీద ఫోల్డర్లున్నాయి. ఏ ఒక్కదాని మీదా నర్సుల పేర్లు లేవు. ఆమె మొదటిది తెరిచింది. ఫోటోలు. పాత అద్దె ఇంటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు. వాటి ముందు సన్నగా ఉన్న తాను. ఇంకోటి తెరిచింది. పెద్ద సిస్టర్ రిటైరైన రోజు ఆసుపత్రి హాల్లో జరిగిన సభ. పూలదండతో ఆవిడ, పక్కన డాక్టర్లు. ఇంకో ఫోల్డరు మీద భర్త ఆఫీసు పేరు.

"ఇది నాది కాదండీ," అంది.

"అదేమిటి? ఫోటోల్లో ఉన్నది మీరేగా."

అవును, తానే. ఏడేళ్ళ క్రితం భర్త పాత ల్యాప్‌టాప్ మీద తన చేతిలోంచే కాఫీ ఒలికింది. ల్యాప్‌టాప్ పోయింది. అతను దాని డిస్కు ఊడదీసి, ఎప్పుడైనా బాగుచేయిద్దామని సొరుగులో పడేశాడు. ఆ సొరుగు తాళం అతని దగ్గరే ఉంటుంది.

పక్కన పెట్టి ఉన్న డిస్కు కేసుని ట్యూటరమ్మ చేతిలోకి తీసుకుని చూసింది. ఎర్రచుక్క ఉంది. కేసు తనదే. లోపల ఉన్నది తనది కాదు. ఎవరో కేసు తెరిచి, తన డిస్కు తీసి, చచ్చిపోయిన దాన్ని అందులో పెట్టి, మళ్ళీ మరలు బిగించారు.

ఎవరో ఏమిటి.

నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు కొడుతున్న ఆ వేళ్ళు గుర్తొచ్చాయి. నువ్వు కాసేపు పడుకో అన్న మాట గుర్తొచ్చింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. గడియారాలావిడ మంచినీళ్ళ సీసా మూత తీసి ముందు పెట్టింది. మరమ్మతులు చేసేవాళ్ళు చాలా చూస్తారు. అడగకూడనిది అడగదు ఆవిడ.

ఆ సాయంత్రం భర్త ఇంటికొచ్చేసరికి ట్యూటరమ్మ ముందుగదిలో కూర్చుని ఉంది. డిస్కు బల్ల మీద ఉంది.

"బాగైంది," అంది.

"ఏమిటి?"

"డిస్కు. మొత్తం తెరుచుకుంది."

ఆమె అతని ముఖమే చూస్తోంది. నిజంగా వెతికిన మనిషైతే ఎగిరి గంతెయ్యాలి. అతను మాత్రం తల్లి గది తలుపుకేసి చూశాడు.

"ఎవరి దగ్గరికి తీసుకెళ్ళావు?"

"మీరు అడిగేది అదా?" అంది. "మన పాత ఇంటి ఫోటోలొచ్చాయండీ. డాబా మీద నేను. అత్తయ్య రిటైర్మెంటు సభ. నా డిస్కు ఎక్కడుంది?"

అతను బ్యాగు భుజాన ఉండగానే కుర్చీలో కూలబడ్డాడు. ఆమె తొందరపెట్టలేదు.

"లేదు," అన్నాడు చివరికి.

"లేదంటే?"

"ఆఫీసులో పాత డిస్కులన్నీ నలిపే మిషనొకటుంది. అందులో వేసేశాను."

"ఎప్పుడు?"

"నీకు కనబడని ఆదివారానికి రెండు రోజుల ముందు."

"మరి ఆఫీసులో ఉన్న కాపీ?"

"అది అసలెప్పుడూ పెట్టలేదు. బద్ధకించాను. అదొక్కటీ కావాలని చేసింది కాదు."

ఆమె డిస్కుని బల్ల మీద అతని వైపు జరిపింది. "అత్తయ్య మాటలే మీకు అడ్డమైతే ఆ ఒక్కటీ తీసేయొచ్చుగా. మిగతా వాళ్ళు ఏం చేశారు మిమ్మల్ని?"

"ఒక్కటే పోతే నీకు తెలిసిపోతుంది," అన్నాడు నేలకేసి చూస్తూ. "అన్నీ పోతే డిస్కు పాడైందనుకుంటావని."

ఆ మాట దగ్గర ట్యూటరమ్మకి అర్థమైంది. కోపంతో చేసిన పని కాదు. కూర్చుని ఆలోచించి, ఇలా చేస్తే తాను ఏమనుకుంటుందో లెక్కవేసి, పదమూడేళ్ళలో తన గురించి తెలుసుకున్నదంతా తన మీదే వాడుకుని చేసిన పని.

"మరి ఆ మూడు రోజులు?" అంది. "వైర్లు మార్చారు. సాఫ్ట్‌వేర్లు పెట్టారు. ఏం వెతికారండీ మీరు, నా పక్కన కూర్చుని?"

అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వలా బాధపడుతుంటే ఊరికే కూర్చోలేకపోయాను," అన్నాడు.

అతను నిజమే చెప్పాడు. అదే ఆమెను ఎక్కువ కోసింది.

తలుపు చప్పుడైంది. పెద్ద సిస్టర్ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"అన్నీ తీసెయ్యమని నేననలేదు అమ్మాయ్," అంది. "నాదొక్కటీ ఆపించమన్నాను. నిన్ను అడగమన్నాను వాడిని."

"మీరే అడగొచ్చుగా అత్తయ్యా. ఒకే వంటింట్లో ఉన్నాం కదా ఇద్దరం."

ఆవిడ చీర చెంగు సర్దుకుంది.

"ఇలా చేశారని మీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజు గుమ్మంలో నిలబడి ఏమైందని అడిగినప్పుడు. వాడి మొహం చూస్తే తెలిసింది."

"ఇంకో వైరు పెట్టి చూడమన్నారు నన్ను."

పెద్ద సిస్టర్ గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "పుస్తకమంటే ఎవరో ఎక్కడో చదువుతారనుకున్నాను. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని నా గొంతు వింటుందంటే తట్టుకోలేకపోయాను. పైగా వాడు నా కొడుకు. వాడి మీద నేనేం చెప్పను?"

నా పేరుతోనే వెయ్యి అన్న మనిషీ, ఈ మనిషీ ఒకరేనా అని చూసింది ట్యూటరమ్మ. ఒకరే. నిజానికి, వచ్చి అడిగుంటే తాను ఏం చేసి ఉండేది? ఆ ఒక్కటీ పక్కన పెట్టేదా, చిన్న సిస్టర్‌కి ఇచ్చిన మాట పట్టుకుని పేచీ పడేదా? తనకే తెలియదు. బహుశా చాలా రోజులు పోట్లాడుకుని ఉండేవాళ్ళేమో. ఆ పోట్లాట కూడా తనకి దక్కనివ్వలేదు. తల్లీ కొడుకూ కలిసి ఒక పరాయి మనిషిని సముదాయించినట్టు తనని సముదాయించి ఊరుకున్నారు.

గొంతులిచ్చిన ఆ పంతొమ్మిది మందిలో ఇద్దరు ఈలోగా చనిపోయారు. బోసినోటావిడ వాళ్ళలో ఒకరు. ఆవిడ మనవరాలు, నానమ్మ నవ్వు ఒకసారి పంపండి అని రెండు వారాల క్రితమే అడిగింది.

మర్నాడు ట్యూటరమ్మ రెండు సూట్‌కేసులు సర్దుకుని నర్సింగ్ స్కూలు హాస్టల్లో ట్యూటర్లకిచ్చే గదిలోకి మారింది. భర్త గేటు దాకా సామాను మోసుకొచ్చాడు. ఆమె వద్దనలేదు.

ఆ వారమే యూనిఫారాల షెడ్డుకి వెళ్ళింది. భోజనాల విరామం. మిషన్లు ఆగి ఉన్నాయి. చిన్న సిస్టర్ గుడ్డ ముక్కల మూట మీద కూర్చుని డబ్బా తెరుచుకుంటోంది. ట్యూటరమ్మ ఎదురుగా కూర్చుని జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఎవరు తీశారో, ఎందుకు తీశారో, అదెక్కడ నలిగిందో అన్నీ చెప్పింది.

చిన్న సిస్టర్ డబ్బా మూత పెట్టేసింది.

"ఆ రోజు కూడా ఆవిడ ఒక్కతే చెయ్యలేదమ్మా," అంది. "ఆవిడ వార్డులో లేదని ఇంకో ఇద్దరు సంతకాలు పెట్టారు. ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరుంటారు ఆవిడకి."

ట్యూటరమ్మ తల వంచుకుంది. "ముందే మీకు వినిపించాల్సింది. మొదటిసారి వచ్చిన రోజే తేవాల్సింది. తప్పు నాది కూడా."

"నీదే," అంది చిన్న సిస్టర్, కటువుగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "నా మానాన నేను మర్చిపోయి బతుకుతున్నాను. వచ్చి ఆశపెట్టావు. ఆ నెలంతా నాకు నిద్ర లేదు తెలుసా? ఆ గొంతు ఎలా ఉంటుంది, ముసలిదై ఉంటుందా, వణుకుతుందా అని." డబ్బా మూత మళ్ళీ నొక్కి, "ఏడ్చిందా చెప్పేటప్పుడు?" అని అడిగింది.

"ఏడ్చారు."

"నా పేరు చెప్పిందా, చిన్న సిస్టర్ అనే అందా?"

"పూర్తి పేరు చెప్పారు. ఇంటిపేరుతో సహా."

చిన్న సిస్టర్ మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదిలాయి. ట్యూటరమ్మ చెయ్యి చాచబోయి, ఆ హక్కు తనకి లేదనిపించి వెనక్కి తీసుకుంది. మిషన్లు మళ్ళీ మొదలయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

పుస్తకం ఏడాది తర్వాత వచ్చింది. నలభై ఒకటికి బదులు ముప్ఫై ఆరు మంది ఉన్నారందులో. కొందరు ఓపిగ్గా మళ్ళీ చెప్పారు. కొందరు ఒకసారి చెప్పింది చాలన్నారు. కారు లైట్ల వెలుగులో కాన్పు చేసినావిడ రెండోసారి చెప్పినప్పుడు అన్నీ అవే మాటలు చెప్పింది కానీ, మొదటిసారి చెప్పినప్పటి ఊపు అందులో లేదు. పెద్ద సిస్టర్‌ని మళ్ళీ చెబుతారా అని ట్యూటరమ్మ ఉత్తరం రాసి అడిగింది. జ్ఞాపకశక్తి సరిగా లేదని కొడుకు చేత జవాబు రాయించింది ఆవిడ.

పుస్తకం చివర ట్యూటరమ్మ రెండు పేజీలు తన మాటల్లో రాసింది. ఫలానా శనివారం మధ్యాహ్నం ఫలానా వారు నాతో ఇలా అన్నారు, నా చెవులతో విన్నాను, రికార్డు ఇప్పుడు లేదు అని రాసి, కింద సంతకం పెట్టింది. పేర్లు ఉంటే అచ్చు వెయ్యలేమని ఆసుపత్రి వాళ్ళు అడ్డం పడ్డారు. పేర్లు తీయించి వేశారు. ఆ రెండు పేజీలు చిన్న సిస్టర్‌కి చదివి వినిపించింది. ఆవిడ మధ్యలో ఆపకుండా విని, "బాగానే రాశావు. నీ గొంతుతో ఉంది," అంది.

భర్త నెలకోసారి హాస్టలు దగ్గరికి వస్తాడు. గేటు బయట వేపచెట్టు కింద బెంచీ మీద ఇద్దరూ అరగంట కూర్చుంటారు. ఇంటి సంగతులు చెబుతాడు. ఎప్పుడొస్తావని మొదట్లో అడిగేవాడు, ఇప్పుడు అడగడం మానేశాడు. మొన్నొకసారి ఫోన్‌లో ఏదో ఫోటో కనబడట్లేదని ఆమె తోటి ట్యూటరు అంటుంటే, అలవాటుగా, "ఇటివ్వండి, నేను చూస్తాను," అని చెయ్యి చాచాడు. ట్యూటరమ్మ ఆ చేతికేసి చూసింది. అతను గమనించి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

పెద్ద సిస్టర్ మాత్రం ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. బీపీ మాత్ర సగం వేసుకోవాలా, మొత్తం వేసుకోవాలా అని ప్రతిసారీ అదే అడుగుతుంది. ఇరవై ఆరేళ్ళు వార్డు నడిపిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. ట్యూటరమ్మ ప్రతిసారీ చెబుతుంది. మొత్తం వేసుకోండి, పొద్దున పూట, టిఫిను తిన్నాక. ఆవిడ ఫోన్ పెట్టదు. ఆవిడ ఇంకేదో అడగబోతోందని తెలిసి, "ఉంటానత్తయ్యా," అని ఫోన్ పెట్టేస్తుంది.